పలచన చేయని చుక్క

త్రిలోచన్ సాహు మా నర్సింగ్ హోములో నెత్తురు పరీక్షలు చేసేవాడు. పేరుకు తగ్గట్టు మూడో కన్ను కూడా ఉందని మేమంతా వేళాకోళం చేసేవాళ్ళం. వేళాకోళాన్ని మెచ్చుకోలుగా పుచ్చుకోవడం అతని అలవాటు. గోబరీ కాలువ ఇవతల ఒడ్డున మాది ఒక్కటే నర్సింగ్ హోము, అందులో ల్యాబు అతనొక్కడిదే. తాను చూసిందే చూపు, తాను చెప్పిందే మాట. జుట్టు నెరిసేదాకా నేను అక్కడే నర్సుగా చేశాను కనుక అతని గొప్పా చూశాను, ఆ గొప్ప మట్టి కరవడమూ చూశాను.

పుట్టింది మిఠాయిల వాళ్ళింట్లో. తండ్రి కేంద్రపడా బజారులో రసాబళి మిఠాయికి ఛెనా, అంటే విరిగిన పాల ముద్ద, తీసేవాడు. మరిగే పాలలో పులుపు పోశాక, పాలు విరిగి నీళ్ళు తేరే క్షణాన్ని కనిపెట్టి చెప్పడం పిల్లవాడి పని. తొందరపడి చెప్పినా, ఆలస్యంగా చెప్పినా గరిటె కాడతో వీపు మీద ఒకటి పడేది. ఆ దెబ్బలకే తన కన్ను పదునెక్కిందని త్రిలోచన్ చెప్పుకునేవాడు. కటక్‌లో ల్యాబు కోర్సు చదివి వచ్చినప్పుడు తండ్రి, “పాలు మాని నెత్తురు పట్టావేంట్రా?” అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. “రెండిట్లోనూ విరిగిందా లేదా అని చూడటమే కదా నాన్నా” అన్నాడట ఈ సుపుత్రుడు.

ఆ మాటలో కొంత నిజముంది. ఒంట్లో ఎక్కడైనా చీము పట్టినా, వాపు మంట రేగినా మన కాలేయం ఒక ప్రొటీన్ని నెత్తురులోకి వదులుతుంది. దాన్ని సీఆర్పీ అంటారు. ఆ రోజుల్లో మా దగ్గర దానికి మిషను లేదు. నల్లటి స్లైడు మీద రోగి నెత్తురులోంచి తేరిన సీరం ఒక చుక్క, పాలలా తెల్లగా ఉండే మందు ఒక చుక్క వేసి, పుల్లతో కలిపి రెండు నిమిషాలు అటూ ఇటూ ఊపాలి. ప్రొటీన్ ఉంటే ఆ తెలుపు విరిగి రవ్వ కడుతుంది. లేకపోతే నున్నగా అలాగే ఉంటుంది. కొత్తగా ఎవరైనా పని నేర్చుకోవడానికి వస్తే త్రిలోచన్ ఛాతీ విరుచుకుని పాఠం చెప్పేవాడు. “బాలింత నెత్తురు ఎప్పుడూ నున్నగా ఉండదు. కాన్పు కూడా గాయమే కదా, కాస్తో కూస్తో రవ్వ కట్టి తీరాలి. బొత్తిగా కట్టలేదంటే స్లైడు అబద్ధం చెబుతోందని అర్థం. సెలైన్ నీళ్ళు కలిపి పలచన చేసి మళ్ళీ చూడు.” ఈ పాఠం నేను ఎన్నిసార్లు విన్నానో, నిద్రలో లేపినా అప్పజెప్పగలను.

త్రిలోచన్ పెళ్ళి చేసుకోలేదు. మధ్యాహ్నం భోజనం గేటు పక్కన అన్నం కొట్టు పెట్టుకున్న సైరీంధ్రీ మౌసీ, అందరికీ పిన్నే, తెచ్చేది. పఖాళ గిన్నె, అదే, రాత్రి నీళ్ళు పోసి పులియబెట్టిన అన్నం, పైన నలిపిన వడియాల పొడి, ఓ పక్కన ఆకుకూర. గిన్నె బల్ల మీద పెట్టి స్టూలు లాక్కుని కూర్చునేది. అతను తిన్నంతసేపూ తిట్టేది.

“ఉప్పు సాలిందా?”

“చాలింది మౌసీ.”

“సాలకపోతే మాత్రం సెప్తావేటి? నోరు లేనోడివి. అందుకే నీకు పిల్లనెవరూ ఇవ్వలేదు.”

“నువ్వుండగా నాకు తిట్లకి లోటేముంది, ఇంకొకత్తె దేనికి?”

ఆమె పకపకా నవ్వేది. కన్నకొడుకు లేని మనిషి. ఉన్నది ఒక్క కూతురు, సుకాంతి. అల్లుడు మా వైపు మగాళ్ళందరిలాగే కొళాయిల పని మీద ఢిల్లీలో ఉండేవాడు. సుకాంతి పురిటికి తల్లి దగ్గరికి వచ్చి మా నర్సింగ్ హోములోనే ఆడపిల్లను కంది. తల్లీ బిడ్డా బాగానే ఇంటికి వెళ్ళారు.

రజ పండుగ మొదటి రోజున సుకాంతికి జ్వరం వచ్చింది. రజ మూడు రోజులూ భూదేవి ముట్టులో ఉంటుంది కనుక మా దగ్గర నాగలి కట్టరు, నేల మీద గీత కూడా గియ్యరు. ఆడవాళ్ళు ఏ పనీ ముట్టుకోకుండా కొత్త బట్టలు కట్టుకుని ఉయ్యాలలూగుతారు. మౌసీ కొట్టు మూసి, కూతుర్ని రిక్షాలో కూర్చోబెట్టుకుని వచ్చింది. మా డాక్టరమ్మ హరప్రియా నంద చూసింది. రొమ్ములు పాలతో గడ్డకట్టి ఉన్నాయి, పొత్తికడుపు కాస్త నొప్పిగా ఉంది. పాల జ్వరమా, లోపల ఏదైనా ఉందా అని తేలక నెత్తురు తీయమంది.

త్రిలోచన్ సూది పట్టుకోగానే మౌసీ అడ్డం వచ్చింది. “ఓరి నాయనోయ్, నేలతల్లికే గీత పడకూడదని కూకుంటే, నా కూతురికి పోటు పొడుస్తావా?”

“ఒక్క పోటే మౌసీ. రెండోసారి పొడిస్తే నా చెయ్యి నరుకు.”

“నరికితే నా పఖాళ నువ్వెలాగ తింటావు? పొడు, పొడు.”

తర్వాత మౌసీ ల్యాబు గుమ్మంలోనే నిలబడింది. బయట ఎవరింటి చెట్టుకో కట్టిన ఉయ్యాల దగ్గర ఆడపిల్లల పాటలు. ఆమె చేతిలో ఆకులో చుట్టిన పోడ పిఠా, బొగ్గుల మీద కాల్చిన ఆ బియ్యప్పిండి రొట్టె. అంత గాభరాలోనూ అతనికి పండుగ ముక్క తేవడం మరిచిపోలేదు. త్రిలోచన్ స్లైడు ఊపుతున్నాడు. ఆమె అతని ముఖం చూస్తోంది, అతను స్లైడు చూస్తూనే ఆమె చూపు తన మీద ఉందని తెలుసుకుంటున్నాడు. రెండు నిమిషాలయ్యాయి. తెలుపు తెలుపుగానే ఉంది, ఒక్క రవ్వ లేదు.

అతని ముఖం విప్పారింది. “ఏమీ లేదు మౌసీ! శుభ్రం! పాల జ్వరమే. తీసుకెళ్ళి ఉయ్యాల ఎక్కించు!”

నేను పక్క గదిలో దూది చుడుతూ ఆ కేక విన్నాను. బాలింత నెత్తురు బొత్తిగా నున్నగా ఉంటే నమ్మొద్దన్న పాఠం చెప్పింది ఈ మనిషే. సెలైన్ సీసా అతని మోచేతికి తగిలేంత దగ్గరలో ఉంది. కానీ ఆ క్షణంలో అతనికి ఆ తల్లికి మంచి కబురు చెప్పాలన్న ఆత్రం ఒకటి, తన కంటికి తిరుగు లేదన్న ధీమా ఒకటి. డాక్టరమ్మ ఆ మాట మీద జ్వరం మాత్రలిచ్చి, పాలు పిండించి పంపేసింది. మౌసీ అతని నోట్లో రొట్టె ముక్క పెట్టి మరీ వెళ్ళింది.

మర్నాడు సుకాంతిని చాప మీద మోసుకొచ్చారు. మనిషి గుర్తు పట్టేలా లేదు. ముఖం, పాదాలు ఉబ్బి నిగనిగలాడుతున్నాయి. కాలి మట్టెలు వేళ్ళలోకి దిగబడిపోయాయి. ఒళ్ళు జ్వరం పోయి చల్లబడింది, నాడి పరుగెడుతోంది, తల్లిని చూసి “ఎవరు నువ్వు?” అంటోంది. నేను చేతికి సూది పెట్టి తీస్తే ఆ రంధ్రం నుంచి నెత్తురు ఆగకుండా కారింది. దూది ఎంత నొక్కినా గడ్డ కట్టదు. ఇలాంటివి చూసినదాన్ని కనుక ఇదేమిటో నాకు తెలిసిపోయింది. నెత్తురును నాళాల్లో నిలిపి ఉంచే ప్రొటీన్లు ఒంట్లోకి కారిపోతే ఉబ్బు వస్తుంది. గడ్డ కట్టించే ప్రొటీన్లు లోలోపలే ఖర్చయిపోతే ఇలా కారుతుంది. దాన్ని సెప్సిస్ అంటారు. పేరు ఏదైతేనేం, మనిషి చేజారుతోంది.

డాక్టరమ్మ మళ్ళీ సీఆర్పీ చూడమంది. త్రిలోచన్ చూశాడు. మళ్ళీ నున్నగానే ఉంది.

“నిన్ననే చెప్పాను కదా మేడమ్, లేదు” అన్నాడు. గొంతులో విసుగు కూడా ఉంది.

“పిల్ల మునిగిపోతుంటే లేదంటావేమిటయ్యా! పలచన చేశావా?”

“నా కంటి మీద అనుమానమైతే చేస్తాను” అని విసురుగా వెళ్ళాడు. ఆమెది తప్పని చూపించడానికే వెళ్ళాడు, అది నాకు బాగా తెలుసు. సీరంలో సెలైన్ కలిపి, ఒక చుక్క స్లైడు మీద వేసి ఊపడం మొదలుపెట్టాడు. రెండు నిమిషాలు అక్కర్లేకపోయింది. పుల్లతో కలుపుతుండగానే తెలుపంతా పెళ్ళలు పెళ్ళలుగా విరిగిపోయింది. ఇంకా పలచన చేశాడు. ఇంకా విరిగింది. వాళ్ళ నాన్న బాణలిలో కూడా అంత బాగా విరిగి ఉండదు.

అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. డాక్టరమ్మ వచ్చి చూసి ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేదని తర్వాత అతను నాతో చాలాసార్లు అన్నాడు. మందులు ఎక్కించి, జీపు తెప్పించి కటక్ పెద్దాసుపత్రికి పంపించాం. పంపేటప్పుడు డాక్టరమ్మ మౌసీకి నచ్చజెప్పడానికి తొందరలో, “కడుపులో మాయ ముక్క ఉండిపోయి నెత్తురంతా విషమెక్కింది. ఇదిగో, త్రిలోచన్ పరీక్షలో దొరికింది. నమ్మి వెంటనే బయల్దేరు” అంది. మౌసీ జీపెక్కుతూ అతనికి చేతులెత్తి దండం పెట్టింది. ఆ దండం చూసి అతను గోడ వైపు తిరిగిపోయాడు.

సుకాంతి బతికింది. కానీ గర్భసంచి తీసేయాల్సి వచ్చింది. కుళ్ళు అంతదూరం పోయిందట. ఇక పిల్లలు పుట్టరు. మౌసీ ఇంటికి వచ్చి, “మా రాత అంత వరకే ఉంది. పిల్ల దక్కింది, అదే పదివేలు. అదీ త్రిలోచన్ బాబు కంటి చలవే” అని ఊరంతా చెప్పుకొచ్చింది. రిక్షావాళ్ళు కూడా అతన్ని చూసి దిగి నమస్కారం పెట్టేవాళ్ళు. అతను దొంగలా గోడ వారన నడిచేవాడు. నేను స్టెరిలైజరు దగ్గర ఉంటే వచ్చి నిలబడేవాడు.

“దీదీ, ఒక్క రోజు. ముందు రోజే పలచన చేసి ఉంటే మందులు ఆ రోజే మొదలయ్యేవి. గర్భసంచి మిగిలేది.”

“మిగిలేదో లేదో దేవుడికి తెలియాలి.”

“నాకూ తెలుసు.”

“తెలిస్తే నోరు మూసుకుని ఉండు. చెప్పి ఇప్పుడు ఆ ముసలిదానికి ఒరిగేదేముంది? రాత అనుకుని కడుపు చల్లబరుచుకుంది. నీ బరువు దింపుకోవడానికి ఆమె నెత్తిన పెడతావా?”

నేనన్నది తప్పని ఇప్పటికీ అనుకోను. ఒప్పని కూడా అనుకోను.

మామూలుగా ఇరవయ్యొకటో రోజున చేసే నామకరణం కటక్ తిరుగుళ్ళలో దాటిపోయి, రథయాత్ర వెళ్ళాక పెట్టుకున్నారు. పిల్లను ఒళ్ళో పెట్టుకుని చెవిలో పేరు చెప్పే పని త్రిలోచన్‌దేనని మౌసీ పట్టుబట్టింది. “మేనమామ లేడు దీనికి. నువ్వే మామవి.” ముందు రోజు స్లైడ్లు కడుగుతూ అతను నాకు ఒక పేరు చెప్పాడు. చెప్పి, “రేపు వెళ్ళను దీదీ” అన్నాడు. మౌసీ తానే వచ్చి రెక్క పట్టుకుని లాక్కెళ్ళింది.

వాకిట్లో ఆకులు వేశారు. ఖెచుడి, దాల్మా పప్పు, ఖీరి పాయసం వడ్డించారు. పిల్లను తెచ్చి త్రిలోచన్ ఒళ్ళో పెట్టారు. సుకాంతి గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, చీపురుపుల్లలా. మౌసీ అందరికీ వినపడేలా, “ఈ బాబు కన్నే లేకపోతే ఈ రోజు ఇక్కడ దినం భోజనం జరిగేది” అంది.

అతను లేవబోయి, ఒళ్ళో పిల్ల ఉందని ఆగిపోయాడు. “మౌసీ, నేను కనిపెట్టలేదు. తప్పు చూశాను.”

“పెద్దోళ్ళు అలాగే అంటారు” అన్నాడు పూజారి.

“గొప్ప సెప్పుకోడు మా బాబు. నోరు లేనోడు” అని మౌసీ మురిసిపోయింది. జనం తలలూపారు. నిజం చెబితే అది వినయం కింద జమ అయిపోయింది. నాకు అతని మీద జాలి, ఒళ్ళు మంట రెండూ కలిగాయి. పోనీ, చెప్పాడు, దులిపేసుకున్నాడు, ఇంతటితో ఊరుకుంటాడులే అనుకున్నాను. ఊరుకోలేదు.

“మౌసీ, ఇలా చూడు” అని పంక్తి చూపించాడు. “ఆకులు తక్కువైతే ఏం చేస్తారు? ఇద్దరు ముగ్గురు ఒక్క ఆకు చుట్టూ చేరతారు. గుంపులు కనిపిస్తాయి. ఆకులు బోలెడుంటే? ఎవరి ఆకు వాళ్ళది, ఎవరికి వాళ్ళు విడిగా కూర్చుంటారు. అవునా?”

“అవును.”

“నా స్లైడు మీదా అంతే. ఆ తెల్ల మందులో ఉండే నలుసులు మనుషులు అనుకో. జబ్బు వదిలిన ప్రొటీన్ ఆకులు. గుంపు కడితే జబ్బు ఉందని చెప్పాలి. నీ కూతురి నెత్తురులో అది ఎంత ఎక్కువ ఉందంటే, ఎవరి ఆకు వాళ్ళకి దొరికేసి ఒక్క గుంపూ కట్టలేదు. గుంపు లేదు కాబట్టి ఆకులే లేవని నేను చెప్పాను. కాసిని నీళ్ళు కలిపి ఆకులు తగ్గించి చూస్తే తెలిసిపోయేది. అలా చూడాలని నాకు తెలుసు. తెలిసీ చూడలేదు. ఉయ్యాల ఎక్కించమన్నాను.”

చదువు లేని మౌసీకి ఇక విడమరిచి చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు. ఆమె చూపు గుమ్మం దగ్గరున్న కూతురి మీదికి వెళ్ళి, మళ్ళీ అతని మీదికి వచ్చింది.

“ఆ రోజే తెలిసుంటే,” అని ఆగింది. “దాని సంచి ఉండేదా?”

“ఉండేదనుకుంటున్నాను.”

ఆమె వంగి అతని ఒళ్ళో పిల్లను తీసుకుంది. విసురు లేదు, కసురు లేదు. ఎత్తుకుని రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. “అన్నం ముందునుంచి లేవకు. తిను.” పేరు పూజారే పెట్టాడు, మానసి అని. త్రిలోచన్ తలొంచుకుని ఆకులో ఉన్నదంతా తిన్నాడు. పెళ్ళిళ్ళలో, పంక్తుల్లో ఎంతోమంది తినడం చూశాను. అలా తినడం ఎక్కడా చూడలేదు. మెతుకు మెతుకుకూ తల తెగిపడుతున్నట్టు తిన్నాడు.

మర్నాటి నుంచి మౌసీ అన్నం తేవడం మానేస్తుందనుకున్నాను. అతనూ అలాగే అనుకుని అటుకులు కొనుక్కుని వచ్చాడు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి పఖాళ గిన్నె వచ్చింది. మౌసీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. స్టూలు లాక్కోలేదు. ఉప్పు సంగతి అడగలేదు, తిట్టలేదు. ఆ తర్వాత ప్రతిరోజూ అంతే. మానేసి ఉంటే అతను ఏడ్చి ఊరుకునేవాడు. తిట్టి ఉంటే బతికిపోయేవాడు. వడియాల పొడి అదే, ఆకుకూర అదే, మాట ఒక్కటే లేదు. “రేపట్నుంచి వద్దని చెప్పనా దీదీ?” అని నన్ను అడిగాడు. “చెప్పే ముఖం ఉంటే చెప్పు” అన్నాను. ఆ ముఖం అతనికి లేదు.

కొన్నాళ్ళకు మిషను వచ్చింది. చుక్క వేస్తే అంకె చెప్పేస్తుంది. అయినా ప్రతి బాలింత నెత్తురునూ అతను పాత స్లైడు మీద కూడా వేసి, పలచన చేసి చూసేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళు చాదస్తమని నవ్వుకునేవారు. పాఠాలు చెప్పడం మాత్రం పూర్తిగా మానేశాడు. ఎవరైనా మూడో కన్ను అని పాత వేళాకోళం ఎత్తితే లేచి బయటికి పోయేవాడు.

మొన్న రజ పండుగ సెలవుల్లో గిన్నె మానసి తెచ్చింది. మూడో తరగతి. కాళ్ళకు పారాణి, కొత్త గౌను, నోట్లో పాన్. నేను ఉద్యోగం మానినా పండుగ పలకరింపుకని వెళ్ళి అక్కడే కూర్చున్నాను. పిల్ల గిన్నె పెట్టి వెళ్ళకుండా బల్ల పట్టుకుని నిలబడింది.

“మామూ, నాకు పేరు నువ్వు పెట్టాల్సిందంట కదా? పూజారి తాత చెప్పాడు. ఏం పేరు అనుకున్నావు?”

త్రిలోచన్ గిన్నెలోకి చూశాడు. “గుర్తు లేదమ్మా. మర్చిపోయాను.”

అబద్ధం. నాకు తెలుసు. పిల్ల మూతి ముడిచి గుమ్మం దాకా వెళ్ళి, “ఆయీ, మర్చిపోయాడంట!” అని అమ్మమ్మకి కేకేసింది. గేటు దగ్గరున్న మౌసీ కొంగు దోపుకుని వచ్చింది. ఆ గుమ్మం దాటి లోపలికి వచ్చి నిలబడింది. ముసలిదైపోయింది, నడుం వంగింది.

“అంత నిజం నలుగురిలో సెప్పి నా గుండె కోసినోడివి,” అంది. “ఇంత సిన్న పిల్లకి అబద్ధం సెప్తావేటి బాబూ?”

నామకరణం నాటి పంక్తి తర్వాత ఆమె అతనితో అన్న మొదటి మాట అది. త్రిలోచన్ తలెత్తలేకపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఈ వయసులో మనిషి అంత సిగ్గుపడటం చూడలేక నేను కిటికీలోంచి బయటికి చూశాను.

“బర్షా,” అన్నాడు చివరికి. “రజకి ముందర పుట్టావు కదా, వానలు మొదలయ్యేవేళ. అందుకని.”

“బర్షాలు మా క్లాసులో ఇద్దరున్నారు,” అంది పిల్ల. “మానసే బాగుంది.”

నాకు నవ్వాగలేదు. మౌసీ నవ్వలేదు. గోడ పక్కనున్న స్టూలు మీది దుమ్ము కొంగుతో దులిపి, నెమ్మదిగా కూర్చుంది.

“ఉప్పు సాలిందా?” అని అడిగింది.

అతను ఇంకా ఒక్క ముద్ద కూడా నోట్లో పెట్టుకోలేదు. అయినా చాలిందని తలూపాడు.